ఏటవాలు వీధిలో జారిన కారు: తప్పు చేతిదా, మీటదా?

ప్రశ్న

నేను పదవీ విరమణ చేసిన లెక్కల మాష్టారిని. వయసు 66. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఒక వీధిలో మా ఇల్లు. ముప్పై ఏళ్లకు పైగా గేర్ల కారు నడిపాను. నా బండి వల్ల ఏనాడూ ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. పోయిన ఏడాది మా అమ్మాయి తన పేరు మీద 12 లక్షల రూపాయలకు ఆటోమేటిక్ కారు కొని నాకు ఇచ్చింది. అందులో గేరు మీటను ఎటు తోసినా వదలగానే మళ్లీ నడిమధ్యకు వచ్చేస్తుంది. బండిని కదలకుండా నిలిపే 'పి' (పార్కింగ్)కి మాత్రం మీట పక్కన చిన్న బొత్తాం ఉంది. రెండు నెలల కిందట ఒక సాయంత్రం ఇంటి ముందు బండి నిలిపి, ఇంజన్ ఆపకుండానే గేటు తీయడానికి దిగాను. బొత్తాం నొక్కాననే అనుకున్నాను. నేను దిగీ దిగగానే బండి వెనక్కి జారింది. తెరిచి ఉన్న తలుపుకూ పక్కింటి ప్రహరీ స్తంభానికీ మధ్య నా కాలు ఇరుక్కుని చీలమండ ఎముక విరిగింది. బండి పక్కింటివారి స్కూటర్‌ను గుద్ది ఆగింది. వాళ్ల కుర్రవాడు లోపలికి ఎక్కి చూస్తే తెర మీద 'ఎన్', అంటే న్యూట్రల్, అని ఉందట. సర్వీసు సెంటర్ వారు బండిని పరీక్షించి 'వాహనంలో ఏ లోపమూ లేదు, డ్రైవర్ పొరపాటు' అని కాగితం ఇచ్చారు. 'ఆటోమేటిక్ మావయ్యగారికి అలవాటు కాలేదు' అన్నాడు మా అల్లుడు. అమ్మాయి ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఇది పూర్తిగా నా తప్పేనా? కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే నా తప్పును ఇంకొకరి మీదకు నెట్టినట్టు కాదా? బండి ఇంకా సర్వీసు సెంటర్‌లోనే ఉంది.

సమాధానం

మాష్టారూ, నమస్కారం. కాలు కట్టులో ఉన్నప్పుడు కూడా మీరు మొదట మీ తప్పు సంగతే అడిగారు కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. వాలు మీద ఇంజన్ నడుస్తుండగా దిగడం పొరపాటు. హ్యాండ్‌బ్రేక్ వేయకపోవడం అంతకంటే పెద్ద పొరపాటు. తెర మీద ఏ అక్షరం ఉందో చూడకుండా బ్రేకు మీది కాలు తీయడం మూడోది. ఈ మూడూ మీవే, వీటిని ఎవరి మీదకూ నెట్టలేము. అయితే మీరు అడిగింది 'నా తప్పు ఉందా' అని కాదు, 'పూర్తిగా నా తప్పేనా' అని. ఆ ప్రశ్నకు సర్వీసు సెంటర్ కాగితం జవాబు చెప్పలేదు. అసలు ఆ ప్రశ్న జోలికే అది వెళ్లలేదు.

మీ పాత కారును ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో గేరు మీట ఎక్కడ పెడితే అక్కడే నిలిచి ఉండేది. చీకట్లో కూడా, కళ్లు పక్కకు తిప్పకుండానే, బండి ఏ గేరులో ఉందో అరచేతికి తెలిసేది. న్యూట్రల్‌లో ఉంటే మీట అటూ ఇటూ ఊగేది, గేరులో ఉంటే బిగిసి ఉండేది. ముప్పై ఏళ్లు మీ చేయి నేర్చుకున్నది ఆ భాషనే. కొత్త కారులో మీట ఎప్పుడూ నడిమధ్యలోనే ఉంటుంది కాబట్టి ముందుకు నడిపే 'డి'లో ఉన్నా, 'ఎన్'లో ఉన్నా, వెనక్కి నడిపే 'ఆర్'లో ఉన్నా చేతికి తగిలేది ఒక్కలాగే ఉంటుంది. చేయి పట్టుకుని తెలుసుకునే సమాచారమంతా ఎదురుగా ఉన్న తెర మీద ఒక చిన్న అక్షరంలోకి వెళ్లిపోయింది. గేటు తీయాలనే ఆలోచనలో ఉన్న మనిషి చూపు ఆ తెర మీద కాక గేటు మీదే ఉంటుంది. అలవాటు కాలేదన్న మీ అల్లుడి మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ మాటను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి చూడాలి. అమ్మే ప్రతి ఆటోమేటిక్ కారునూ గేర్ల కారుకు అలవాటుపడినవారు కూడా కొంటారని తయారీదారుకు తెలియదా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళంలో బి-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగిన తర్వాత, పైలట్లు ఫ్లాపులను (రెక్కల వెనక అంచున కదిలే పలకలను) ముడవబోయి చక్రాలను ముడిచేస్తుండేవారు. విమానం పొట్ట నేలకు ఆనేది. రికార్డులో పైలట్ తప్పిదమని రాసేవారు. అల్ఫాన్స్ చాపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త ఆ విమానం లోపలికి వెళ్లి చూస్తే, చక్రాల స్విచ్చూ ఫ్లాపుల స్విచ్చూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో కనిపించాయి. ఆ రెండు మీటలూ వేర్వేరుగా ఉన్న రవాణా విమానాలలో అదే దళపు పైలట్లు ఆ పొరపాటు చేయడం లేదు. ఆయన సూచించిన మందు చాలా చిన్నది: చక్రాల మీట చివర ఒక చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీట చివర రెక్క ఆకారపు చెక్క ముక్కలాంటి పిడి. చూడకుండా పట్టుకున్నా చేతికి తేడా తెలిసింది, ఆ పొరపాటు పోయింది. మనుషులు మారలేదు, శిక్షణ మారలేదు, పిడి మారిందంతే. ఈనాటి విమానాలలో కూడా చక్రాల మీట చివర చిన్న చక్రం ఆకారమే కనిపిస్తుంది.

మీ సంగతికి ఇంకా దగ్గరగా ఉన్న ఉదంతం అమెరికాలో 2016లో జరిగింది. ఫియట్ క్రైస్లర్ సంస్థ తన జీప్ గ్రాండ్ చెరోకీ, డాడ్జ్ చార్జర్, క్రైస్లర్ 300 కార్లలో కొన్ని సంవత్సరాల మోడళ్లకు, మీరు వర్ణించినట్టే, వదలగానే నడిమధ్యకు వచ్చే మీట అమర్చింది. బండి 'పి'లో ఉందనుకుని దిగినవారి మీదకే ఆ బండ్లు దొర్లుకుంటూ వచ్చాయి. ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ విచారణ జరిపి, ఆ మీట వాడకం సహజంగా అర్థమయ్యేలా లేదని, చేతికీ కంటికీ అది ఇచ్చే సూచన బలహీనంగా ఉందని, అందువల్ల అనుకోని గేరు పడే అవకాశం పెరుగుతోందని తేల్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల వాహనాలను సంస్థ వెనక్కి పిలిచింది. మరమ్మతు ఇంకా యజమానుల చేతికి అందక ముందే, జూన్ 19న ఆంటన్ యెల్చిన్ అనే 27 ఏళ్ల నటుడు లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటి ముందరి వాలులో, తన కారుకూ ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాడు. మీ ఉత్తరంలో ప్రహరీ స్తంభం అనే మాట చదివినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది ఆ కుర్రవాడే. మీ ప్రాణం దక్కింది. దయచేసి ఈ విషయాన్ని మీ ఇంట్లోవారికి కూడా చెప్పండి.

ఆ కార్లకు చివరికి చేసిన మరమ్మతు ఏమిటో గమనించండి. మీటను విరగ్గొట్టి కొత్తది బిగించలేదు, సాఫ్ట్‌వేర్ మార్చారు. బండి కదలకుండా ఉన్నప్పుడు డ్రైవర్ తలుపు తెరిస్తే, కొన్ని షరతులకు లోబడి, బండి తనంతట తానే 'పి'లోకి వెళ్లేలా చేశారు. డ్రైవర్ మరిచిపోవచ్చు, కంప్యూటర్ మరిచిపోదు అన్నది ఆ మార్పు వెనక ఉన్న ఆలోచన. మొదటి రోజు నుంచే చేయగలిగిన పనిని ప్రమాదాల తర్వాత చేశారు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. 'వాహనంలో లోపం లేదు' అన్న మాట అక్షరాలా నిజమే కావచ్చు. ఒక యంత్రంలో దోషం రెండు విధాలుగా ఉంటుంది. కర్మాగారంలో మీ ఒక్క బండికి మరమేకు సరిగా బిగించకపోతే అది తయారీ లోపం. సర్వీసు సెంటర్ వారు వెతికేది దానినే, వారి యంత్రానికి కనబడేదీ అదే. గీసిన నమూనాలోనే పొరపాటు ఉంటే అది రూపకల్పన లోపం. అప్పుడు ఆ మోడల్ బండ్లన్నీ నమూనాకు తగ్గట్టే తయారవుతాయి, పరీక్షలన్నీ నెగ్గుతాయి, అయినా అన్నింటిలో అదే ప్రమాదం దాగి ఉంటుంది. లెక్కల మాష్టారు మీరు, కాబట్టి మీకు తేలిగ్గా అర్థమయ్యేలా చెబుతాను: గుణకారం ఎక్కడా తప్పలేదు, సూత్రమే తప్పు వేసుకున్నారు. అలాంటి లెక్కను అంకె అంకెగా దిద్దుకుంటూ పోతే తప్పు కనబడదు.

ఇంత చెప్పిన తర్వాత, మీ పక్షాన నిలబడాలనే తొందరలో నేను దాచకూడని రెండో వైపు కూడా ఉంది. 1980లలో ఆడి 5000 అనే కారు తనంతట తానే దూసుకుపోతోందని అమెరికాలో పెద్ద గగ్గోలు పుట్టింది. 'నేను బ్రేకే తొక్కాను' అని ఎందరో ప్రమాణపూర్వకంగా చెప్పారు. వారు అబద్ధమాడలేదు. అయినా ప్రభుత్వ పరిశోధన 1989లో తేల్చింది ఏమిటంటే, అధిక భాగం సందర్భాలలో కాలు బ్రేకుకు బదులు యాక్సిలరేటర్ మీద పడింది. పెడళ్ల అమరిక ఆ పొరపాటుకు కొంత దోహదం చేసి ఉండవచ్చని కూడా ఆ పరిశోధనే చెప్పింది. ఆ గగ్గోలు ఫలితంగా, బ్రేకు తొక్కితే తప్ప 'పి' నుంచి మీట కదలని తాళం కార్లలోకి వచ్చింది. తప్పు కాలిదే అయినా మందు మాత్రం యంత్రానికే వేశారన్నమాట.

దీని నుంచి మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ప్రమాద క్షణంలో మన చేయీ కాలూ ఏం చేశాయన్న విషయంలో మన జ్ఞాపకం నమ్మదగినది కాదు. అందువల్ల ఏ కాగితంలోనూ 'నేను పి బొత్తాం నొక్కాను' అని రాయకండి. ఉత్తరంలో రాసినట్టే 'నొక్కాననే అనుకున్నాను' అని రాయండి. అది బలహీనమైన మాట అని ఎవరైనా మిమ్మల్ని మందలిస్తే వినకండి. రూపకల్పన లోపం గురించిన ఫిర్యాదులో అదే అన్నింటికంటే బలమైన మాట, ఎందుకంటే నొక్కకపోయినా నొక్కినట్టే అనిపించడమే ఇక్కడి అసలు దోషం.

తప్పును ఇంకొకరి మీదకు నెట్టినట్టు కాదా అన్న మీ ప్రశ్న దగ్గర నేను కొంచెంసేపు ఆగాలి. టెక్సాస్ రాష్ట్రంలో 2004లో ఒక యువతి నడుపుతున్న శాటర్న్ అయాన్ కారు దారి తప్పి చెట్టును గుద్దుకుంది. పక్కన కూర్చున్న ఆమెకు కాబోయే భర్త చనిపోయాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన జాడలు లేవు, ఆమె రక్తంలో ఒక మందు అవశేషం స్వల్పంగా కనబడింది. ఆమె నిర్లక్ష్యమే కారణమన్నారు. 2007లో ఆమె నేరాన్ని అంగీకరించింది. తను ప్రేమించిన మనిషిని తానే చంపుకున్నానని పదేళ్లు నమ్మింది. ఆ కారును తయారుచేసిన జనరల్ మోటార్స్ సంస్థ 2014లో, తాళంచెవి పెట్టే స్విచ్‌లో లోపం ఉందని ఒప్పుకుని దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. స్విచ్ లోపలి స్ప్రింగు పట్టు చాలకపోవడం వల్ల, మోకాలు తగిలినా, తాళాల గుత్తి బరువైనా చెవి దానంతట అది వెనక్కి తిరిగేది. ఇంజన్ ఆగిపోయేది, స్టీరింగుకూ బ్రేకుకూ ఉండే తోడ్పాటు పోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. సంస్థలోని ఇంజనీర్లకు ఈ సమస్య ఏళ్ల ముందే తెలుసు. ఆ భాగాన్ని నిశ్శబ్దంగా మార్చి, దాని నంబరు మాత్రం పాతదే ఉంచారు. ఆ లోపం వల్ల 124 మంది చనిపోయారని పరిహార నిధి గుర్తించింది. 2015లో సంస్థ 90 కోట్ల డాలర్లు చెల్లించి తన మీది క్రిమినల్ విచారణను వాయిదా వేయించుకుంది. టెక్సాస్ న్యాయస్థానం 2014 నవంబరులో ఆ యువతి మీది నేరాన్ని కొట్టివేసింది. మనిషి తనను తాను నిందించుకోవడం వినయంగా కనిపిస్తుంది గానీ, నిజం బయటికి రాకుండా అడ్డుపడే గోడ కూడా అదే అవుతుందని ఆ పదేళ్లు చెబుతున్నాయి. మీ తప్పును మీరు ఒప్పుకుని, ఎదుటివారి తప్పును కూడా పరిశీలించమని అడిగితే అది నెట్టివేయడం ఎలా అవుతుంది?

తప్పును పంచి చూడటం న్యాయస్థానాలకూ కొత్త కాదు. మిన్నెసోటాలో 2006లో ఒక టయోటా క్యామ్రీ ఆగకుండా దూసుకుపోయి ముందున్న కారును గుద్దగా ముగ్గురు మరణించారు. డ్రైవర్‌కు ఎనిమిదేళ్ల జైలుశిక్ష పడింది. అదే రకం కార్ల మీద ఇతరుల ఫిర్యాదులు వెలుగులోకి వచ్చాక 2010లో అతను విడుదలయ్యాడు. 2015లో జ్యూరీ అందులో అరవై శాతం బాధ్యత తయారీదారుదని, నలభై శాతం డ్రైవర్‌దని తీర్పు చెప్పింది. పూర్తిగా నా తప్పేనా అని అడిగే మీలాంటివారికి నేను చూపించగలిగిన సూటి జవాబు ఆ అరవై, నలభై అంకెలే. మీ విషయంలో ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం బండిని చూసి, సాక్ష్యం విని చెప్పవలసిన మాట. కాగితం మీద చదివి నేను అంకె వేస్తే అది అన్యాయం అవుతుంది.

మన దేశంలో మీకున్న దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. 2020 జూలై నుంచి అమలులో ఉన్న ఈ చట్టం, పాత చట్టంలో లేని ఉత్పత్తి బాధ్యత అనే ప్రత్యేక అధ్యాయాన్ని తెచ్చింది. తయారీ లోపంతో పాటు రూపకల్పన లోపానికీ, ప్రమాదాన్ని నివారించే సూచనలు, హెచ్చరికలు తగినంతగా ఇవ్వకపోవడానికీ తయారీదారు జవాబుదారీ అవుతాడని 84వ సెక్షన్ విడివిడిగా చెబుతోంది. బండి మీ అమ్మాయి పేరున ఉన్నా, కొన్నవారి అనుమతితో వాడే మనిషి కూడా ఆ చట్టం దృష్టిలో వినియోగదారుడే, కాబట్టి ఆ విషయంలో బెంగ అక్కరలేదు. ఒక్క మెలిక మాత్రం ముందే తెలుసుకోండి. ఉత్పత్తి బాధ్యత కింద 'హాని' అంటే శరీరానికి అయిన గాయం, దానితో వచ్చిన మనోవేదన, ఆ వస్తువు కాకుండా ఇతర ఆస్తికి జరిగిన నష్టం. కారుకే అయిన నష్టం ఆ లెక్కలోకి రాదు. దానికి మీ బీమా పాలసీ ఉంది. మీరు అడగవలసింది ఆసుపత్రి ఖర్చు, కాలు వల్ల కలిగిన బాధ, మంచం మీద గడిచిన కాలం.

కంపెనీ వకీలు ఏమంటాడో కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా అమ్మినవారి మీద దావా నిలవదని, మద్యం మత్తులో వాడినవారు హెచ్చరిక చాలలేదని తయారీదారును నిందించలేరని, అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని నిందించడానికీ వీలులేదని 87వ సెక్షన్ చెబుతోంది. ఇంజన్ ఆపకుండా వాలు మీద దిగడం అందరికీ తెలిసిన ప్రమాదమే కదా అని ఆయన వాదిస్తాడు, ఓనర్స్ మాన్యువల్‌లో ఫలానా పేజీలో రాశామని చూపిస్తాడు. ఆ వాదన తేలికపాటిది కాదు. నా అభిప్రాయంలో దానికి సమాధానం ఇది: గేటు తీయడానికి ఒక్క నిమిషం బండి దిగడం మన దేశంలో సొంత ఇల్లున్న ప్రతివారూ రోజూ చేసే పని. దానిని దుర్వినియోగం అనలేము. రోజూ జరుగుతుందని తెలిసిన పనిలో పొరపాటు ప్రాణాంతకం కాకుండా చూడటం, అదీ కొన్ని సాఫ్ట్‌వేర్ మార్పులతో సాధ్యమైనప్పుడు, రూపకల్పన చేసేవారి విధి. మాన్యువల్‌లోని ఒక పేజీ ఆ విధిని తీర్చినట్టు కాదు.

సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఒక తీర్పు మీకు ధైర్యమిస్తుంది. ఢిల్లీ–పానిపట్ రహదారి మీద 2017లో ప్రమాదానికి గురైన హ్యుందాయ్ క్రెటాలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆ తాకిడికి అవి తెరుచుకోవలసిన అవసరం లేదన్నట్టుగా కంపెనీ వాదించింది. వేగం, బలం సిద్ధాంతాల ఆధారంగా తాకిడిని లెక్కగట్టడానికి వినియోగదారుడు భౌతిక శాస్త్ర నిపుణుడు కానక్కరలేదని న్యాయస్థానం చెప్పి, పరిహారాన్నీ, వాహనం మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నీ నిలబెట్టింది. అది ఎయిర్‌బ్యాగు కేసు, మీది మీట కేసు, రెండూ ఒకటి కాదు. కానీ సాధారణ మనిషి ఏం ఆశించి బండి కొంటాడు అన్న దగ్గర నుంచి ఆలోచన మొదలుపెట్టాలన్న ఆ వైఖరి మీకు ఉపయోగపడుతుంది.

ఇక చేయవలసిన పనులు. బండి ఇంకా సర్వీసు సెంటర్‌లోనే ఉందన్నారు, మరమ్మతు కాకపోయి ఉంటే అది మీ అదృష్టం. ఈ వారమే సర్వీసు సెంటర్‌కూ, తయారీదారుకూ రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. బండిలోని కంప్యూటర్లలో నిలిచి ఉన్న సమాచారాన్ని, అంటే గేరు స్థితి, తలుపు తెరిచిన సమయం, మోగిన హెచ్చరికలు వంటి వాటిని చెరపకుండా భద్రపరచాలని, దాని ప్రతి మీకు ఇవ్వాలని కోరండి. సాఫ్ట్‌వేర్‌ను మీకు చెప్పకుండా అప్‌డేట్ చేయవద్దని కూడా అందులో రాయండి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. మరమ్మతు పేరుతో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ప్రమాదం నాటి బండి ఇక మీకు దొరకదు. నేను కొన్నేళ్లు బీమా సర్వేయరుగా పనిచేసిన రోజుల్లో, ఇలా ఎంతో నిజాయితీగా మరమ్మతు చేసేసిన బండ్ల ముందు నిలబడి ఇక తేల్చడానికి ఏమీ మిగలలేదని రాసి వచ్చిన సందర్భాలు ఇప్పటికీ నన్ను వదలవు.

తర్వాత ఎవరినైనా నమ్మకమైన కుర్రవాడిని వెంటబెట్టుకుని, అదే మోడల్ ఇంకో బండిలో, చదునైన చోట, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, వీడియో తీయించండి. బండి 'ఎన్'లో ఉండగా డ్రైవర్ తలుపు తెరిస్తే ఏం జరుగుతోంది, ఏదైనా మోగుతోందా, మోగితే ఏసీ శబ్దంలో వినబడుతోందా, తెర మీది అక్షరం ఎంత ఉంది అన్నవి అందులో కనబడాలి. అదే ధరలో దొరికే వేరే కంపెనీల ఆటోమేటిక్ కార్లు ఇదే పరిస్థితిలో తమంతట తామే 'పి'లోకి వెళ్తున్నాయేమో కూడా చూడండి. వెళ్తున్నట్లయితే, ఇంతకంటే సురక్షితమైన రూపకల్పన అందుబాటులో ఉందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. చూడబోతే ఆ బండ్లూ వెళ్లడం లేదనుకోండి, అప్పుడు మీ వాదన బాగా బలహీనపడుతుంది. అది తెలుసుకోవడం కూడా మంచిదే, వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కక ముందే తెలుస్తుంది.

మీరు ఉంటున్న ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. బండి ధర 50 లక్షలు దాటలేదు కాబట్టి అదే సరైన వేదిక, 12 లక్షల విలువకు రుసుము 400 రూపాయలు. ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు గానీ, నిపుణుడి నివేదిక అవసరమయ్యే కేసు కాబట్టి అనుభవమున్న వకీలును పెట్టుకోమనే నేను సలహా ఇస్తాను. గెలుపు ఖాయమని మాత్రం చెప్పలేను. రూపకల్పన లోపాన్ని నిరూపించడం మన దగ్గర ఇప్పటికీ కష్టమైన పనే.

కమిషన్‌కు వెళ్లినా వెళ్లకపోయినా ఇంకొక ఫిర్యాదు మాత్రం తప్పకుండా నమోదు చేయండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా వచ్చిన 110ఎ సెక్షన్ ప్రకారం, నిర్ణీత శాతం యజమానులు లోపాన్ని ప్రభుత్వం దృష్టికి తెస్తే ఆ మోడల్ బండ్లను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి దీని నియమాలు అమలులో ఉన్నాయి, వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. 'డ్రైవర్ పొరపాటు' అన్న కాగితం తీసుకుని, సిగ్గుపడి, ఊరుకున్న యజమాని ఆ లెక్కలోకి రాడు. కాలిఫోర్నియాలో 2009 ఆగస్టులో షోరూం వారు వాడుకోవడానికి ఇచ్చిన లెక్సస్ కారులో యాక్సిలరేటర్ పెడల్ వేరే కారు మ్యాటుకు ఇరుక్కుని ఒకే కుటుంబానికి చెందిన నలుగురు చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే అదే కారును వాడిన ఇంకో వ్యక్తి, పెడల్ మ్యాటుకు ఇరుక్కుందని షోరూంలో చెప్పాడు. చెప్పినా పట్టించుకోలేదు. మీరు చెప్పేది నోటిమాటగా కాక కాగితం మీద, తేదీతో ఉండాలని నేను ఇంతగా అడగడం అందుకే.

పక్కింటివారి స్కూటర్ విషయంలో తొందరపడి డబ్బు ఇచ్చి, తప్పంతా నాదేనని రాసి ఇవ్వకండి. వారికి క్షమాపణ చెప్పండి, బీమా కంపెనీకి మాత్రం ముందుగా తెలియజేయండి. ఆ కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకుంటే పాలసీ షరతులకు విరుద్ధం అవుతుంది. క్లెయిమ్ పత్రంలో ప్రమాద కారణం అన్న గడిలో జరిగింది జరిగినట్టు రాయండి: బండి నిలిపి దిగాను, 'పి'లో ఉందనుకున్నాను, వెనక్కి జారింది, తర్వాత తెర మీద 'ఎన్' కనబడింది. తప్పు ఎవరిదన్నది ఆ గడిలో రాయవలసిన విషయం కాదు.

అమ్మాయి మౌనం గురించి బయటివాడిని, ఎక్కువ మాట్లాడకూడదు. అయినా ఒక మాట చెప్పనివ్వండి. ఆ కారు కొని ఇచ్చింది తాను కాబట్టి, ఆమె ఆ మౌనంలో మిమ్మల్ని కాక తనను నిందించుకుంటోందేమో. ఫిర్యాదు పత్రం యజమానిగా ఆమె సంతకంతోనూ, గాయపడిన మనిషిగా మీ సంతకంతోనూ వెళ్లాలి కాబట్టి, ఇద్దరూ ఒకచోట కూర్చుని రాయవలసి వస్తుంది. ఆ పని ఆమె ఈసారి ఇంటికి వచ్చినప్పుడే పెట్టుకోండి.

కాలు బాగై మళ్లీ నడిపే రోజున, ఆ బండి అయినా వేరేదైనా, వాలు మీద ఈ వరుస పాటించండి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, ముందుగా హ్యాండ్‌బ్రేక్ వేయండి, తర్వాత 'పి' బొత్తాం నొక్కండి, తెర మీది అక్షరాన్ని పైకి చదవండి, అప్పుడు కాలు మెల్లగా వదిలి బండి కదలడం లేదని చూసుకుని ఇంజన్ ఆపి దిగండి. గేటు తీయడానికైనా సరే, ఒక్క నిమిషానికైనా సరే.